కండువా మారితే మనసు మారినట్టేనా?

'కన్వర్షన్' అనే ఇంగ్లీషు మాటకు మూలం లాటిన్‌లోని 'కన్వెర్తెరే'. పూర్తిగా తిరగడం అని అర్థం. మన సంఘాల్లో మారుమనస్సు అంటాం.

2014లో నంద్యాల, ఆళ్లగడ్డల నుంచి వైసీపీ తరఫున ఎమ్మెల్యేలైన దివంగత భూమా నాగిరెడ్డి, అఖిలప్రియ 2016లో టీడీపీలో చేరారు. పదవులు వదల్లేదు. 2017 నంద్యాల ఉపఎన్నిక వేళ టీడీపీ నుంచి వైసీపీలోకి వెళ్లిన శిల్పా చక్రపాణిరెడ్డి ఎమ్మెల్సీ పదవికి రాజీనామా చేశారు.

మేము ఏ పార్టీ పక్షమూ కాదు. అయితే పాత గుర్తుతో వచ్చిన పదవిని అట్టిపెట్టుకుంటే అది సగం తిరగడమే. అన్యాయంగా తీసుకున్నది నాలుగంతలు తిరిగి ఇస్తానన్న జక్కయ్యది పూర్తిగా తిరగడం.

నాయకులను అడిగే ముందు మనల్నీ ప్రశ్నించుకుందాం: బాప్తిస్మం తీసుకున్నాక మనం తిరిగి ఇచ్చిందేమిటి?