సతారా కొండ దారిలో నీళ్లెవరివి?

సతారా హిల్ హాఫ్ మారథాన్ ఫోటోలు మన మిత్రుల గోడల మీద కూడా కనిపిస్తున్నాయి. యవతేశ్వర్ ఘాట్ ఎక్కి దిగే 21 కిలోమీటర్ల పరుగు. మబ్బులు, పచ్చటి కొండలు, వెనక అజింక్యతారా కోట. పరుగెత్తండి. నా పేచీ పరుగుతో కాదు, ఆ దారి గురించి చెప్పే కథతో.

ఆ కథలో రాజులున్నారు, కాస్ పఠార్ పూలున్నాయి. చిన్న భీమ్‌రావ్ ఏడీ? 1900 నవంబర్ 7న ఆ ఊరి హైస్కూల్లోనే చేరాడు. కూర్చోడానికి గోనెపట్టా ఇంటినుంచే మోసుకెళ్లాడు. 1901లో, తొమ్మిదేళ్లప్పుడు, తండ్రి దగ్గరికి వెళ్లడానికి ఇంటి పిల్లలతో మసూర్ స్టేషన్లో దిగాడు. మహర్లని తెలిశాక బండ్లవాళ్లు ఎక్కించుకోలేదు. రెట్టింపు కిరాయికి ఒకడు ఒప్పుకున్నాడు, బండి మీరే తోలుకోవాలన్నాడు. పక్కన అన్నం ఉంది, తాగడానికి నీళ్లు లేవు. టోల్ గుడిసె దగ్గర అడిగితే, కొండెక్కి తెచ్చుకోమన్నారు. పిల్లలు ఆకలితోనే పడుకున్నారు. ఇదంతా బాబాసాహెబ్ ‘వెయిటింగ్ ఫర్ ఎ వీసా’లో తానే రాశారు.

ఇప్పుడు అదే జిల్లాలో కొండెక్కేవాళ్లకి అడక్కముందే నీళ్లందిస్తున్నారు. కాలం మారిందంటారా? కాలం దానంతటది మారదు. సహ్యాద్రి అవతల మహాడ్‌లో, 1927 మార్చి 20న చవదార్ చెరువులో దోసిలి ముంచినవాళ్లు మార్చారు.

విద్యార్థులారా, సతారా వెళ్తే ఒక పూట యవతేశ్వర్ ఎక్కండి. ఇంకో పూట మసూర్ నుంచి కోరేగావ్ రోడ్డు పట్టండి. ఆ దారికి మెడల్ లేదు. నవంబర్ 7న అక్కడ మనమే పరుగు పెడదాం. దారి పొడవునా నీళ్లు మన చేతులతో ఇద్దాం.

జై భీమ్.