ఇల్లాలి ఉదయాహారము

జంషెడ్‌పూరు నగరమున, ఖర్కాయీ నది సువర్ణరేఖలో కలియు దోముహాని సమీపమున, సోనారి యను పేట కలదు. ఈ నగరపు ఉక్కు కర్మాగారమున 1912వ సంవత్సరమున మొదటి ఉక్కు తయారైనది. పనుల కొరకు ఉత్తరాంధ్ర జిల్లాల నుండి ఎన్నియో తెలుగు కుటుంబములు ఈ నగరమునకు తరలివచ్చి స్థిరపడినవి. 2000వ సంవత్సరమున ఈ ప్రాంతము బీహారు నుండి విడివడి జార్ఖండ్ రాష్ట్రములో చేరినది. రాష్ట్రము పేరు మారినను, కార్మికుల ఇండ్లలోని గడియారమును నేటికిని కర్మాగారపు షిఫ్టులే నడుపుచున్నవి.

ఉదయపు షిఫ్టు ఆరు గంటలకు ఆరంభమగును. అందుచే అట్టి ఇంటి ఇల్లాలు నాలుగు గంటలకే లేచి పొయ్యి వెలిగించును. భర్తకు టీ కాచి, క్యారియరు సర్ది పంపును. పిమ్మట పిల్లలకు ఏదో ఒకటి పెట్టి బడికి పంపును. ఈ నడుమ ఆమె కడుపున పడునది రెండు మారులు టీ, ఒకటి రెండు బిస్కత్తులు. బట్టలుతుకుట, ఇల్లు సర్దుట, పూజ ముగించి ఆమె కంచము ముందు కూర్చుండుసరికి మధ్యాహ్నము పండ్రెండున్నర యగును. ముందటి రాత్రి అందరి భోజనములైన పిదప తొమ్మిదిన్నరకు ఆమె తిన్నది. నడుమ గడచినవి పదునైదు గంటలు. ఏకాదశి ఉపవాసమును అందరును గుర్తింతురు గాని, ప్రతిదినము జరుగు ఈ ఉపవాసమును ఎవరును లెక్కింపరు.

ఉదయాహారము మానుట ఎవరికి వారు చేసికొను అలవాటని, బద్ధకమని సాధారణముగ చెప్పుదురు. ఇట్టి ఇండ్ల విషయమున ఆ మాట సరికాదు. ఇల్లాలు పస్తుండుట ఇంటి ఏర్పాటులోని లోపము. దానిని దిద్దవలసిన బాధ్యత ఇంటివారందరిది.

మనము నిద్రించుచున్నను దేహము పని మానదు. మెదడు ఒక్కటియే దినమునకు సుమారు 120 గ్రాముల గ్లూకోజును వినియోగించుకొనును. రాత్రివేళ కాలేయము తన నిల్వ నుండి దీనిని అందించును. తెల్లవారుసరికి ఆ నిల్వ చాలవరకు తగ్గిపోవును. తరువాత దేహము క్రొవ్వును, కొంతవరకు మాంసకృత్తులను వాడుకొని పని జరుపుకొనును. ఆరోగ్యవంతులకు ఒకనాడు ఇట్లు జరిగినందున ప్రమాదము లేదు. ఉదయాహారము మానినంత మాత్రమున లావెక్కుదురను మాటయు ప్రయోగములలో రుజువు కాలేదు. తరచుగ మానువారిలో మధుమేహము, హృద్రోగము ఎక్కువగ కనబడుచున్నవని పలు దేశముల పరిశీలనలు తెలుపుచున్నవి. అయితే అట్టివారిలో నిద్రలేమి, పొగత్రాగుట మున్నగునవియు ఎక్కువ గనుక, దోషమంతయు దీనిపై మోపుట న్యాయము కాదు.

అయినను ఇల్లాలికి దీనివలన కలుగు హాని చిన్నది కాదు. ఉదయము పోగొట్టుకొన్న పోషకములను ఆమె తరువాత భర్తీ చేసికొనుట అరుదు. మధ్యాహ్నము మిక్కిలి ఆకలితో, కూర మిగిలినను మిగులకున్నను, అన్నమే ఎక్కువగ తినును. మాంసకృత్తులు, ఇనుము, కాల్షియము తక్కువబడును. 2019-21లో జరిగిన ఐదవ జాతీయ కుటుంబారోగ్య సర్వే ప్రకారము, 15 నుండి 49 ఏండ్ల స్త్రీలలో దేశమున నూటికి 57 మందికి, ఆంధ్రప్రదేశ్‌లో 59 మందికి, జార్ఖండ్‌లో 65 మందికి రక్తహీనత కలదు. దీనికి కారణములు అనేకములు; కాని సగము దినము టీతో గడపుట దానిని మాన్పుటకు తోడ్పడదు. టీలోని పదార్థములు ఆహారములోని ఇనుమును దేహము గ్రహింపకుండ అడ్డుకొనును. భోజనమునకు ముందును వెనుకను కనీసము ఒక గంట టీ, కాఫీలు త్రాగరాదని హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో సూచించినది.

మధుమేహమునకు కొన్ని విధముల మాత్రలు గాని, ఇన్సులిన్ గాని వాడువారికి ప్రమాదము మరింత సమీపమున ఉన్నది. మందు పుచ్చుకొని ఆహారము మానినచో రక్తములోని చక్కెర హఠాత్తుగ పడిపోవచ్చును. చెమట పట్టుట, చేతులు వణకుట, కండ్లు తిరుగుట, మాట తడబడుట దీని గుర్తులు. స్పృహలో ఉన్నచో వెంటనే మూడు చెంచాల చక్కెరను నీటిలో కలిపి త్రాగింపవలెను. స్పృహ తప్పినచో నోట ఏమియు పోయక ఆస్పత్రికి చేర్చవలెను. గర్భిణులును దీర్ఘకాలము ఏమియు తినకుండ ఉండరాదు.

పిల్లల ఉదయాహారమును గూర్చి ప్రభుత్వములు ఆలోచించినవి. బడులలో ఉదయాహారము పెట్టవలెనని 2020 జాతీయ విద్యావిధానము సూచించినది. తమిళనాడు 2022లోను, తెలంగాణము 2023లోను అట్టి పథకములను ప్రారంభించినవి. ఇల్లాలికి అట్టి పథకమేదియు లేదు. ఆమెకు ఇంటివారే దిక్కు.

తీరిక లేదనుట మొదటి అభ్యంతరము. తెల్లవారుజామున వంట చేయనక్కరలేని ఆహారములు ఈ కుటుంబముల వెంట వచ్చినవే ఉన్నవి. ఉత్తరాంధ్రము వారి చోడి అంబలి అట్టిది. నూరు గ్రాముల చోళ్లలో సుమారు 350 మిల్లీగ్రాముల కాల్షియము కలదు. రాత్రియే కాచి ఉంచిన అంబలిలో ఉదయము మజ్జిగ కలుపుకొనిన చాలును. చద్దన్నమును అట్టిదే. అన్నము చల్లారిన వెంటనే కాచి చల్లార్చిన నీరు పోసి, శుభ్రమైన గిన్నెలో మూతపెట్టి ఉంచవలెను. ఎండలు ముదిరిన దినములలో దానిని చల్లని చోట ఉంచవలెను. దుర్వాసన వచ్చినచో పారవేయవలెను. ఊరగాయ కొద్దిగ నంజుకొనవలెను, ఏలయన ఉప్పు దినమునకు 5 గ్రాములు మించరాదు. ఇక జార్ఖండ్ నేల ఇచ్చినది సత్తు. వేయించిన శనగల పిండియైన దీనిలో నూటికి 20 పాళ్లు మాంసకృత్తులు కలవు. నీటిలో కలిపి నిమ్మరసము పిండుకొనుటకు రెండు నిమిషములు చాలును. మధుమేహము కలవారు అన్నము తగ్గించి సత్తు, మొలకెత్తిన పెసలు, గ్రుడ్డు వంటివి తీసికొనుట మేలు.

ఆకలి కాదనుట రెండవ అభ్యంతరము. రాత్రి ఆలస్యముగ తినుట, లేచినది మొదలు టీ త్రాగుట దీనికి ముఖ్య కారణములు. రాత్రి భోజనము ఒక గంట ముందునకు జరిపినచో కొలది దినములలో ఉదయము ఆకలి తెలియును. పూజ కాకుండ తినరాదనుట మూడవది. అట్టి నియమము కలవారు పూజను స్నానమైన వెంటనే ముగించి, తక్కిన పనులను తరువాత చూచుకొనవచ్చును. వ్యాధిగ్రస్తులకును గర్భిణులకును మన పెద్దలు ఉపవాస నియమములను సడలించియే యున్నారు.

భర్త తినకముందు భార్య తినరాదనుట, అందరును తినగా మిగిలినదే ఆమెదనుట తొలగించుకొనుట అన్నిటికంటె కష్టము. ఇందుకు సులభమైన ఉపాయము ఒకటి కలదు. రాత్రి వంటిల్లు సర్దునప్పుడే ఇల్లాలి ఉదయాహారమును వేరు గిన్నెలో తీసి ఉంచవలెను. ఆ గిన్నె మరియొకరిది కాదని పిల్లలకు తెలియవలెను. ఐదు గంటలకు భర్త టీ త్రాగునప్పుడు ఇద్దరును కూర్చుండి ఏదేని ఇంత తినవలెను. ఉదయము షిఫ్టు లేని వారములలో పిల్లలను బడికి సిద్ధము చేయు పని భర్త చేపట్టవలెను. ఎదిగిన పిల్లలు తమ డబ్బాలు తామే సర్దుకొనవలెను.

ఇందుకు అదనపు ఖర్చు స్వల్పము. కావలసినది ఒక గిన్నె, పదునైదు నిమిషములు, “నీవు తింటివా?” యని అడుగు అలవాటు. ఇంటనున్నవారు రేపటి ఉదయమే ఆ ప్రశ్న వేసి, ఆమె తిన్న పిదపనే గడప దాటుదురు గాక!