లెక్కకు రాని శ్రమ

గ్రీకు పురాణగాథలలో హెరాక్లిస్ పేరు వినని విద్యార్థి అరుదు. రోమనులు అతనినే హెర్క్యులిస్ అన్నారు. హీరా దేవత కల్పించిన ఉన్మాదంలో కన్నబిడ్డలనే చంపుకొని, డెల్ఫీ దేవవాణి ఆజ్ఞ మేరకు యూరిస్థియస్ రాజుకు ఊడిగం చేసి, పన్నెండు దుస్సాధ్య కార్యాలు నెరవేర్చిన వీరుడతడు. ఆ కథ చెప్పేవారు నెమియా సింహంతో మొదలుపెట్టి, పాతాళపు కాపలా కుక్క సెర్బెరస్‌తో ముగిస్తారు. మాకు మాత్రం ఆ మృగాలన్నిటికంటె ఒక పశువుల కొట్టం కథ ముఖ్యమని తోస్తున్నది.

అపొల్లొడోరస్ పేరిట దక్కిన పురాణ సంగ్రహం ప్రకారం హెరాక్లిస్‌కు మొదట విధించినవి పది పనులే. వాటిలో ఐదవది ఎలిస్ రాజు ఆజియస్ పశువుల కొట్టాన్ని ఒక్క దినంలో శుభ్రపరచడం. మందలో పదవ వంతు కూలిగా ఇవ్వాలని అతడు ఒప్పందం చేసుకొన్నాడు. గోడకు గండి కొట్టి, అల్ఫియస్, పెనియస్ నదులను మళ్లించి పేడనంతా కడిగివేశాడు. పని ముగిసిన పిమ్మట ఆజియస్ మాట తప్పాడు. రాజు ఆజ్ఞపై చేసిన పనికి కూలి ఏమిటన్నాడు. ఆజియస్ కుమారుడు ఫైలియస్ తండ్రికి ప్రతికూలంగా సాక్ష్యం చెప్పగా అతనిని సైతం దేశం నుండి వెళ్లగొట్టాడు. ఇటు యూరిస్థియస్ తీర్పు మరొక విధం: కూలికి చేసినది గనుక లెక్కకు రాదన్నాడు. కూలీ దక్కలేదు, పేరూ దక్కలేదు! హైడ్రా సర్పాన్ని చంపినప్పుడు సోదరుని కుమారుడు సాయపడ్డాడన్న మిషతో ఆ పనినీ కొట్టివేశాడు. పది పన్నెండైన కారణమిదే.

మా కళాశాలలో ఉర్దూ చదివే మిత్రులకు హాతిం తాయి కిస్సా కొత్త కాదు. 19వ శతాబ్ది ఆరంభంలో ఫోర్ట్ విలియం కళాశాలలో హైదర్ బఖ్ష్ హైదరీ దానిని ఉర్దూలో రచించాడు. హుస్న్ బానూ అడిగిన ఏడు ప్రశ్నలకు సమాధానాలు వెదకుతూ హాతిం లోకమంతా తిరిగాడు. అదీ తనకోసం కాదు, ఆమెను ప్రేమించిన మరొక రాకుమారుని కోసం. అయినా హాతిం స్వేచ్ఛగా పూనుకొన్నవాడు. కాదని ఇంటికి మరలిపోయే వీలు అతనికున్నది. హెరాక్లిస్‌కు అది లేదు. మా ప్రాంతపు బిడ్డలు హాతింకంటె హెరాక్లిస్‌కే దగ్గరివారని మా అభిప్రాయం.

శ్రావణమాసంలో ఉరుకుంద ఈరన్న స్వామి సన్నిధికి ఆంధ్ర, కర్ణాటక ప్రాంతాల భక్తజనం తరలివస్తుంది. 2024లో అదే శ్రావణంలో, ఆగస్టు 10 రాత్రి, హోస్పేట వద్ద తుంగభద్ర జలాశయపు 33 గేట్లలో 19వది గొలుసు తెగి కొట్టుకుపోయింది. దిగువ కాలువ నీటిని నమ్ముకొన్న ఆదోని, ఎమ్మిగనూరు రైతుల గుండెలు జారిపోయాయి. హెరాక్లిస్ నదిని లోపలికి మళ్లించాడు. ఇక్కడ నదిని ఆపవలసి వచ్చింది. కన్నయ్యనాయుడు గారి సూచనల ప్రకారం ఉద్ధృత ప్రవాహంలోనే స్టాప్‌లాగ్ పలకలను దింపి, దాదాపు వారం దినాలలో నీటిని నిలిపారు. పత్రికలు నాయుడు గారిని కీర్తించాయి, అది న్యాయమే. ఆ ప్రవాహం పైన నిలిచి పలకలను అమర్చిన కార్మికుల పేర్లు ఎందరికి తెలుసు? వారు కూలి తీసుకొనే చేశారు. అంతమాత్రాన ఆ పని తక్కువైపోయిందా?

ఇక అసలు విషయం. కౌతాళం, కోసిగి, మంత్రాలయం పల్లెల నుండి వానలు తప్పిన యేడు కుటుంబాలకు కుటుంబాలే సుగ్గికి పోతాయి. గుంటూరు సీమలో పత్తి ఏరడానికి, మిరపకోతలకు వెళ్లే ఆ జనంలో మా సహాధ్యాయులూ ఉన్నారు. కొందరు ఆడపిల్లలైతే పగలు చేలో కోసి, సాయంకాలం అందరికీ వండి, తమ్ముళ్లను సాకి, ఆ పైన దీపం దగ్గర పుస్తకం తెరుస్తారు. తిరిగి వచ్చేసరికి హాజరు పట్టీలో వారి పేరు ఎదుట సున్నాలు బారులు తీరి ఉంటాయి. ‘పనికి పోయి డబ్బు సంపాదించుకొన్నారు గదా, ఇంకా రాయితీ ఎందుకు?’ అనే పెద్దలున్నారు. ఆ మాట వినగానే మాకు యూరిస్థియస్ జ్ఞాపకం వస్తాడు. సంపాదించినది అప్పు వడ్డీకి, ఇంటి తిండిగింజలకు పోయిందని వారు ఎరుగరు కాబోలు.

హాజరు నిబంధన వద్దని మేము అనడం లేదు. ఊరికే తిరిగినవానికీ, చేను కోసినవానికీ ఒకే శిక్ష విధించడాన్ని మాత్రమే కాదంటున్నాం. బడి పిల్లలకోసం సీజనల్ వసతిగృహాలు నడిపిన అనుభవం ఈ జిల్లాకున్నది. కళాశాల విద్యార్థినులకూ అటువంటి వసతి కల్పించవచ్చు. సుగ్గికి పోయినవారి జాబితాను అధ్యాపకులే తయారు చేసి, వారు తిరిగి వచ్చిన తరువాత పరీక్షల వరకు సాయంకాలపు తరగతులు నడిపి, ఆ హాజరును కూడా పట్టీలో చేర్చాలి. ఉగాది లోపల ఈ జాబితా సిద్ధం కావాలని కళాశాల యాజమాన్యాన్ని కోరుతున్నాం. సాక్ష్యం చెప్పడానికి ఫైలియస్ వంటివారు మా తరగతులలో చాలామంది ఉన్నారు.