నీటి జాడకు వేడిమి ఆనవాలు

చలికాలపు తెల్లవారుజామున బావినీటితో ముఖం కడుక్కున్నవారికి ఆ నీరు గోరువెచ్చగా తగులుతుంది. అదే నీరు నడివేసవి మధ్యాహ్నం చల్లగా ఉంటుంది. నిజానికి మారినది బావినీరు కాదు, బయటి గాలి. లోతున ఉన్న భూగర్భజలం సంవత్సరం పొడుగునా దాదాపు ఒకే వేడిమితో ఉంటుంది. ఏటినీరు అట్లా కాదు. పగలు ఎండకు వేడెక్కి, రాత్రి చల్లారుతుంది. అందరికీ అనుభవంలో ఉన్న ఈ భేదమే ఏటి అడుగున నీరు ఎటు నడుస్తున్నదో తెలిపే సాధనమని ఎందరు గుర్తించారు? ఈ సాధనాన్ని మన విద్యార్థులు చేపట్టాలన్నదే నా మనవి.

మూసీనది అనంతగిరి కొండలలో పుట్టి, హైదరాబాదు నగరం మధ్యగా ప్రవహించి, సూర్యాపేట సమీపాన సోలిపేట వద్ద జలాశయంలో నిలిచి, మిర్యాలగూడ ప్రాంతంలోని వాడపల్లి వద్ద కృష్ణలో కలుస్తున్నది. మహానగరపు మురుగునీరు ఈ నదిలో చేరుతున్నదన్న సంగతి అందరెరిగినదే. దీని ఒడ్డునే మన బావులూ, బోర్లూ ఉన్నవి. మరి ఏరు బావులకు నీరిస్తున్నదా? లేక భూమిలోని నీరే ఏటిలోకి ఊరుతున్నదా? మొదటిది నిజమైతే నీటితోపాటు అందులో కరిగిన మాలిన్యం కూడా బావివైపు ప్రయాణం చేయవచ్చు. రెండవది నిజమైతే మనం బోర్లు తోడినకొద్దీ ఆ ఊట తగ్గి, ఒకనాటికి నీటి దిశయే తారుమారు కావచ్చు. ఒకే నదిలో ఒక మలుపు వద్ద ఒకటి, మరొక మలుపు వద్ద మరొకటి జరగవచ్చు. పైనుండి చూచేవారి కంటికి రెండూ ఒక్కటే.

రంగునో, ఉప్పునో నీటిలో కలిపి దాని జాడ తీయడం ఒక పద్ధతి. వేడిమి విషయంలో మనం కలుపవలసినది ఏదీ లేదు. ఆ పని సూర్యుడే ప్రతిదినం చేస్తున్నాడు. పగటి వేడి ఏటినీటి నుండి ఇసుకలోకి ఒక అల వలె దిగుతుంది. లోతుకు పోయినకొద్దీ ఆ అల సన్నగిల్లుతుంది, ఆలస్యంగా చేరుతుంది. ఏటినీటి వేడిమి ఒక దినంలో 24 నుండి 32 డిగ్రీల వరకు మారిందనుకొందాం. నీటి కదలిక లేని తడి ఇసుకలో 30 సెంటీమీటర్ల లోతున ఆ 8 డిగ్రీల మార్పు సుమారు ఒక్క డిగ్రీకి తగ్గిపోతుంది. సాయంత్రం నాలుగు గంటల వేడి అక్కడికి చేరేసరికి అర్ధరాత్రి అవుతుంది. నీరు కిందికి ఇంకుతూ ఉంటే అది వేడిని తనతో మోసుకుపోతుంది గనుక అక్కడ మార్పు ఎక్కువగా, త్వరగా కనబడుతుంది. కింది నుండి ఊట పైకి వస్తూ ఉంటే మార్పు దాదాపు కనబడనే కనబడదు. ఈ తేడాలను బట్టి ప్రవాహ దిశనే గాక వేగాన్ని కూడా లెక్కకట్టవచ్చును.

ఇది నేను కల్పించిన మాట కాదు. జపాన్ శాస్త్రజ్ఞుడు సుజుకి 1960లోనే, నేల వేడిమిని కొలిచి వరిమడులలో నీరు ఎంత ఇంకుతున్నదో తెలుసుకొనే పద్ధతిని ప్రకటించాడు. 1965లో అమెరికాకు చెందిన స్టాల్‌మన్ ఆ గణితాన్ని మరింత చక్కబరిచాడు. అమెరికా భూవిజ్ఞాన సర్వేక్షణ సంస్థ 2003లో ఈ విషయంపై ఒక గ్రంథమే వెలువరించింది. మొదట వరిమడిలో పుట్టిన ఈ విద్య, నాగార్జునసాగర్ ఎడమ కాలువకింద వరి పండించే మిర్యాలగూడకు, కోదాడకు పరాయిది ఎట్లా అవుతుంది?

“ఇది పెద్ద పరిశోధనాలయాల పని, పల్లెటూరి పిల్లలది కాదు” అని కొందరనవచ్చు. ఈ మాటతో నేను ఏకీభవించలేను. పరిశోధనాలయం వారు మన ప్రతి మలుపు వద్దా సంవత్సరం పొడుగునా కూర్చోలేరు. మనం కూర్చోగలం. ఇందుకు కావలసినది అడుగు మూసిన ఒక గొట్టం, తీగ చివర వేడిమిని తెలిపే చిన్న పరికరం, ఒక గడియారం, ఒక నోటుపుస్తకం, అన్నిటికీ మించి ఓపిక. 15, 30, 60 సెంటీమీటర్ల లోతులలోనూ, పైనున్న ఏటినీటిలోనూ గంటగంటకూ వేడిమిని వ్రాసుకొని గ్రాఫు కాగితంపై గీస్తే కథ దానంతటదే బయటపడుతుంది.

అయితే దీని హద్దులు కూడా చెప్పక తప్పదు. వేడిమి నీటి నడకను తెలుపుతుందే గాని నీటి శుద్ధిని తెలుపదు. దానికి రసాయన పరీక్ష వేరుగా చేయవలసిందే. మబ్బు పట్టిన దినాలలో అల బలహీనమవుతుంది. ఇసుకకూ బంకమట్టికీ లెక్క మారుతుంది. ఒక్కనాటి కొలతతో తీర్పు చెప్పడం తొందరపాటు. వరద దినాలలో ఏటిలో దిగడం ఎంతమాత్రం తగదు. ఎప్పుడు వెళ్ళినా అధ్యాపకులు వెంట ఉండాలి.

కళాశాల కమిటీ పెద్దలకు నా విన్నపం ఒక్కటే. మూసీపై రెండు చోట్ల, కోదాడ దాపున పాలేరుపై ఒకచోట కొలతలు తీయడానికి విజ్ఞానశాస్త్ర విభాగానికి కొద్దిపాటి సొమ్ము కేటాయించండి. ఏటేటా ఆ కొలతలను ఈ సంచికలోనే అచ్చువేయించండి. పదేండ్ల తరువాత ఇసుక ఎక్కడ తవ్వవచ్చు, ఎక్కడ తవ్వరాదు, ఏ బావినీటిని ముందుగా పరీక్షించాలి అన్న ప్రశ్నలు వచ్చినప్పుడు, ఊహాగానాలకు బదులు మన పిల్లలు వ్రాసిన అంకెలు మాట్లాడతాయి.

ఎండాకాలంలో ఏటి ఇసుకలో చెలమ తీసి దాహం తీర్చుకున్న మన పెద్దలకు ఊట ఎక్కడ ఉన్నదో తెలుసు. ఉర్దూలో ఊటను చష్మా అంటారు. కళ్ళద్దాలకు కూడా అదే మాట. భూమిలోని చష్మాను చూడడానికి మనకు కావలసిన చష్మా ఈ చిన్న ఉష్ణమాపకమే. దానిని ధరించవలసిన కళ్ళు మాత్రం, విద్యార్థులారా, మీవి!