విముక్తి, సైన్యం, వరిమడి

1780 సెప్టెంబరు 10న పొల్లిలూరు దగ్గర ఈస్టిండియా కంపెనీ సేనాని బెయిలీ దళాన్ని మైసూరు పాలకుడు హైదర్ అలీ సేనలు మట్టుబెట్టాయి. ఆ నెల 30న మద్రాసులో కంపెనీవారు దారులు వేయడానికి, కందకాలు తవ్వడానికి రెండు పయనీర్ దళాలు పెట్టారు. నేటి భారత సైన్యంలోని ఇంజనీరు దళం మద్రాసు శాపర్ల పుట్టుక అదే. అంటరానివారిగా చూడబడిన పరైయర్లు కంపెనీ సైన్యంలో పెద్ద సంఖ్యలో చేరిన కాలమది. అదే కులంవారు తిరువళ్ళూరు చుట్టూ ఉన్న చెంగల్పట్టు సీమలో పన్నైయాళ్లుగా, పడియాళ్లుగా (కట్టుపాలేర్లుగా) మిరాసీదార్ల, అంటే వంశపారంపర్య భూహక్కుదార్ల, మడులకు తరతరాలుగా కట్టుబడి ఉన్నారు. యుద్ధం నడుస్తుండగానే వాళ్లందర్నీ విడిపిస్తే సైన్యం బలపడేదా?

కాదనేవారి మాటలో పస ఉంది. 1781 ఆగస్టులో కంపెనీ సేనాని కూట్ తిరువళ్ళూరు పక్కనున్న తిరుప్పాచూరు కోట పట్టాడు. సెప్టెంబరు 27న తిరుత్తణికి పడమరగా షోళింగూరులో గెలిచాడు. గెలిచీ శత్రువును తరమలేకపోయాడు. బియ్యం లేదు, బండ్లకు ఎడ్లు లేవు. అలాంటప్పుడు నాట్లవేళ మనుషులు మడి దిగకపోతే సిపాయికి తిండెక్కడిది? అయితే ఆ ఏడాది పొలాలు బీడుపడింది కూలీలకు స్వేచ్ఛ దొరికి కాదు. హైదర్ గుర్రపు దండు ఊళ్లు తగలబెడితే జనం చెల్లాచెదురయ్యారు. కట్టుబానిసత్వం ఆ పంటను కాపాడలేకపోయింది.

అమెరికా అంతర్యుద్ధంలోనూ ఇదే భయం. బానిసత్వం జోలికెళ్తే సైన్యం విచ్ఛిన్నమవుతుందని 1862 జూలైలో ఉత్తరాది సేనాని మెక్లెలన్ అధ్యక్షుడు లింకన్‌కు రాశాడు. 1863 జనవరి 1న విముక్తి ప్రకటన వెలువడింది. సైన్యంలో గొణుగుడు పుట్టింది నిజమే, కానీ అది చీలిపోలేదు. సుమారు 1,80,000 మంది నల్లవారు ఉత్తరాది సైన్యంలో పనిచేశారు. ఒక తేడా మాత్రం మరువకూడదు. లింకన్ విడిపించింది శత్రువు పొలాల్లోని మనుషుల్ని. కంపెనీ విడిపించాల్సింది తనకు శిస్తు కట్టేవారి మనుషుల్ని. ఇక్కడ లాభం సగమే, నష్టం మొత్తం తనదే. వద్దనడానికి ఇంతకన్నా గట్టి కారణం నాకు కనబడదు.

అయినా నా మొగ్గు విముక్తివైపే. పెళ్లాంబిడ్డలు ఆసామి చేతిలో ఉండగా దండులో చేరినవాడికి, తన కుటుంబం కోసం పోరాడేవాడికి ఒకే ధైర్యం ఉండదు. కాకపోతే కాగితం మీది విముక్తి చాలదు, సాగుకు నేల కావాలి. 1843 నాటి 5వ చట్టం బానిస మీద యజమాని హక్కును కోర్టులు గుర్తించకుండా చేసిందే తప్ప సెంటు భూమి ఇవ్వలేదు. చెంగల్పట్టు కలెక్టరు ట్రెమెన్‌హీర్ నివేదిక మీద పంచములకు (పరైయర్లూ వారిలోనివారే) భూములివ్వాలన్న ఉత్తర్వు 1892లో గాని రాలేదు. అప్పటికి సైన్యం మద్రాసు పటాలాలను తగ్గించుకుంటూ ఉత్తర భారత కులాలవైపు మళ్లింది.