‘టక్... టక్’ అంటే ఎంతవుతుంది?

శనివారం తెల్లవారుజామున వాడపల్లి దారి చూడాలి. ధవళేశ్వరం బ్యారేజీ దాటి బొబ్బర్లంక, ఆత్రేయపురం మీదుగా ఒకటే కార్ల వరస. ఏడు శనివారాలు వెంకన్నను దర్శించుకుంటామని మొక్కుకున్న కుటుంబాలు ఎన్నో! అయిదుగురి కారులో ఏడుగురు, తిరుగు ప్రయాణంలో డిక్కీ నిండా పూతరేకుల పెట్టెలు. ఏ మూడో వారమో గతుకులో పడగానే ముందు చక్రం దగ్గర ‘టక్... టక్’ మంటుంది. ‘‘మొక్కు తీరనీ, చూద్దాం’’ అంటాడు ఇంటాయన. ఏడు వారాలూ అయ్యాక షెడ్డుకు తీసుకెళ్తే మెకానిక్ చెప్పే మాట... ‘‘స్ట్రట్లు పోయాయండి, ఆయ్!’’

సామాను ధర సరే. రెండు బోల్టులు విప్పి బిగించినందుకు అంత మజూరీ ఏమిటన్నదే ఇంటాయన సందేహం.

స్ట్రట్ అంటే వట్టి షాకబ్జర్ కాదు. కారు బరువు మోసే స్ప్రింగు దాని చుట్టూ ఉంటుంది. స్టీరింగ్ తిప్పితే ముందు చక్రంతోపాటు అదీ తిరుగుతుంది. అమెరికన్ ఇంజినీరు ఎర్ల్ మెక్‌ఫెర్సన్ 1940లలో రూపొందించిన ఈ పద్ధతి మనకు 1983లో వచ్చిన మారుతీ 800తో ఇంటింటికీ పరిచయమైంది. ఇప్పటి చిన్న కార్లలో చాలావాటికి ముందువైపు ఇదే.

దీన్ని మార్చాలంటే చక్రం ఊడదీయాలి. బ్రేకు గొట్టం, లింకు తప్పించి స్ట్రట్‌ను బయటికి తీయాలి. స్ప్రింగును కంప్రెసర్‌తో నొక్కిపట్టి, అప్పుడే పైనట్టు విప్పాలి. నొక్కకుండా విప్పితే స్ప్రింగు తూటాలా ఎగిరి ప్రాణం మీదికి తెస్తుంది. ఇంట్లో చేసుకునే పని కాదన్నది అందుకే. చెయ్యి తిరిగినవారికి ఒక్కో వైపు గంట, గంటన్నర పడుతుంది. రెండువైపులా రెండు మూడు గంటలు. బోల్టులు తుప్పుపట్టి ఉంటే ఇంకాస్త. ఆపైన వీల్ అలైన్‌మెంట్ తప్పనిసరి. అది చేయించకపోతే కొత్త టైర్లు కూడా ఒకపక్కే అరిగిపోతాయి.

ఇక లెక్క. ఒక్కో చక్రానికి మజూరీ 600, అలైన్‌మెంట్ 500 రూపాయలు అనుకుందాం. ఈ నెల ఒకటి, వచ్చే నెల ఇంకొకటి మార్పిస్తే 2,200. రెండూ ఒకేసారి అయితే 1,700. పైగా ఒకటి కొత్తది, ఒకటి పాతది అయితే గట్టిగా బ్రేకు వేసినప్పుడు కారు తీరు రెండువైపులా ఒకేలా ఉండదు. పైనుండే మౌంటింగ్, బేరింగ్, బంప్ స్టాపర్ అరిగి ఉంటే అప్పుడే మార్పించుకోవాలి. ఆ చిన్న సామాను కోసం ఆరు నెలలకు మళ్లీ విప్పితే మజూరీ అంతా రెండోసారి!

అమెరికాలో ఉన్న మనవాళ్లకు ఈ బేరం చాలాచోట్ల ఉండదు. ఏ పనికి ఎన్ని గంటలో చెప్పే పుస్తకం ఉంటుంది. మెకానిక్ ముందుగా ముగించినా పుస్తకంలోని గంటలకే డబ్బు. మన దగ్గర పనికింత అని మాట. కాబట్టి సామాను, మజూరీ, అలైన్‌మెంట్ విడివిడిగా రాయించుకోవాలి. పక్కా బిల్లయితే పన్ను కూడా కలుపుకోవాలి. 2025 సెప్టెంబరు 22 నుంచి విడిభాగాలకు జీఎస్టీ 18 శాతం.

అన్నిటికన్నా ముందు... ప్రతి ‘టక్ టక్’కూ స్ట్రట్టే కారణం కాదు. స్టెబిలైజర్ లింకో, ఆర్మ్ బుష్షో అరిగినా అదే చప్పుడు. వాటికయ్యే ఖర్చు చాలా తక్కువ. స్ట్రట్ ఒంటి మీద నూనె కారుతోందా? టైరు అలలు అలలుగా అరిగిందా? బ్రేకు వేస్తే ముక్కు బాగా కిందికి దిగుతోందా? ఇవి చూపించమని అడగండి. చూపించాకే విప్పమనండి.

మూడో వారం వినబడిన చప్పుడుకు మూడో వారమే షెడ్డుకు వెళ్తే అరిగింది లింకో, స్ట్రట్టో అప్పుడే తేలిపోతుంది. మిగిలిన నాలుగు శనివారాలూ పిల్లాపాపలతో నిశ్చింతగా వెళ్లిరావచ్చు.