చెవితో చదువు

పుస్తకమును కంటితో చదివినవాడే చదువరి గాని, చెవితో విన్నవాడు చదువరి కాడనెడి వాదము మన పట్టణముల పఠనమందిరములందు నేడు మిక్కుటముగ వినబడుచున్నది. చేతి ఫోనునందు నవలలను, కథలను, చరిత్రలను గంటలకొలది చదివి వినిపించు శ్రవణపుస్తకములు ప్రబలినవి. తెలుగున దాసుభాషితము వంటి సంస్థలు దీనినే వృత్తిగ జేపట్టినవి. ఇది సోమరుల చదువని పెద్దలు కొందరు పెదవి విరుచుచున్నారు. వారి తీర్పుతో మేము ఏకీభవింపజాలము. అట్లని, అచ్చుపుస్తకమునకు కాలము చెల్లినదని సంబరపడు యువకుల పక్షమునను మేము లేము.

గుంటూరుసీమలో పుట్టి చెవిని నిందించువానికి కృతఘ్నతాదోషము తప్పదు. కారెంపూడిలో వీరవిద్యావంతులు పలనాటి వీరుల కథను ఏటేట పాడుచుండగా, తరతరములుగ విన్నవారిలో అక్షర మెరిగినవారెందరు? అయినను బ్రహ్మనాయు డెవరో, నాగమ్మ యెవరో, బాలచంద్రుడు యుద్ధమునకేల పోయెనో వారికి తెలియును. పొన్నెకల్లున పుట్టిన షేక్ నాజరు బుర్రకథను ఊరూర వినిపించి, బడి ముఖమెరుగని రైతుకూలీకి చరిత్రను, రాజకీయమును తెలియజెప్పెను. 1986లో ప్రభుత్వ మాయనకు పద్మశ్రీ నొసగినది. ఇక 1948 డిసెంబరు 1వ తేదీన వెలసిన విజయవాడ రేడియో కేంద్రము మాట చెప్పనేల? 1970 దశకమున ఉషశ్రీగారి రామాయణ భారత ప్రవచనములకై ఆదివారము మధ్యాహ్నము ఇంటింట రేడియో చుట్టును జనులు గుమిగూడెడివారు. విని యూరకుండిరా? ధర్మసందేహములను ఉత్తరములలో వ్రాసి పంపిరి, ఆయన రేడియోలోనే సమాధానములు చెప్పెను. విన్నమాట శ్రోతచేత కలము పట్టించినది. సోమరులు చేయు పని యిట్టిదియేనా?

మరియొకటి యోచింపుడు. మిరప కల్లములలో కాయ రాశిపోసి, తొడిమ తీయుచు, తాలు ఏరుచు, తెల్లవారినది మొదలు ప్రొద్దుగ్రుంకువరకు కూర్చుండు స్త్రీకి చేతులు ఖాళీ లేవు. ఘాటుచే కన్నుల నీరు కారుచుండును. చెవి యొక్కటియే తీరికగ నున్నది. ప్రత్తిచేలలో విచ్చిన కాయనుండి దూది తీసి ఒడి నింపుకొను నామెకును అంతే. 2011 జనగణన ప్రకారము, ఏడేండ్లు నిండినవారిలో అక్షరాస్యులు నాటి గుంటూరు జిల్లాలో నూటికి సుమారు 67గురు, ప్రకాశము జిల్లాలో సుమారు 63గురు మాత్రమే. మిగిలినవారిలో స్త్రీలే యెక్కువ. అట్టివారి యెదుట అచ్చుపుస్తకమునుంచి చదువుకొమ్మనుట, ఆకలిగొన్నవానికి పాకశాస్త్ర మిచ్చినట్లుండును. ఆ చెవి యిప్పుడు ఖాళీగ నున్నదనుకొనరాదు. సినిమాపాటయు, వ్యాపార ప్రకటనయు, ఎవడో పుట్టించిన పుకారును దానిని ముందే ఆక్రమించుకొన్నవి. మంచి గ్రంథమునకు అందు చోటు దొరకునా దొరకదా యనునదియే మా కలవరము.

చూపులేనివారి హక్కు ఇంతకన్న స్పష్టము. వారికొరకే గదా అమెరికాలో 1934లోను, ఇంగ్లండున 1935లోను మాటలాడు పుస్తకములు గ్రామఫోను పలకలపై బయలుదేరినవి! మన దేశమున 2012లో గ్రంథస్వామ్యపు చట్టమును సవరించి, వికలాంగుల యుపయోగార్థము గ్రంథమును వారికందు రూపమునకు మార్చుట నేరము కాదనిరి. 2013 నాటి మర్రాకేషు ఒడంబడికను 2014లో అన్ని దేశములకంటె ముందు ఖాయపరచిన దేశము మనదే. ఇంత చేసిన దేశమున, మన జిల్లా గ్రంథాలయములలో అంధుడు పోయి వినదగిన తెలుగు గ్రంథము లెన్ని యున్నవో పాఠకులే విచారించి చూడవచ్చును.

ఇంతవరకు చెవి పక్షమున వాదించితిమి. ఎదుటి పక్షపు వాదమును దాచుట న్యాయవాదికి చెల్లదు.

న్యాయస్థానములలో సాక్షి వాఙ్మూలము ముగిసిన పిదప, చదివి వినిపించగా సరియని యొప్పుకొనెనని వ్రాయుట పరిపాటి. వేలిముద్ర వేయువాని దస్తావేజునందును ఇంచుమించుగ ఇట్టి మాటయే యుండును. ఇది యెంత బలహీనమైన రక్షణమో వకీళ్ల గుమాస్తాల నడుగుడు! చదివినవాడు ఒక పంక్తిని మ్రింగినచో, విన్నవానికది తెలియు మార్గమే లేదు. తాకట్టని నమ్మి వేలిముద్ర వేసిన కాగితము క్రయదస్తావేజై కూర్చుండుటచే ఎకరములు పోయిన వ్యాజ్యములు మన సీమకు క్రొత్తవి కావు. వినువాడు చదువువాని దయపై బ్రదుకును.

గ్రంథముల విషయమునను ఇంతే. భగవద్గీతలో శ్లోకములు 700. ఘంటసాలగారు గానము చేసి, తమ మరణానంతరము 1974లో వెలువడిన గీతలోనివి వానిలో నూటికి పైచిలుకు మాత్రమే. ఆ గాన మమృతతుల్యము, సందేహము లేదు. కాని గీత యంతయు అదియే యని నమ్మినవారు లక్షలు. జాషువాకవి శ్మశానవాటిక పద్యములను నటులు బలిజేపల్లి లక్ష్మీకాంతకవి హరిశ్చంద్ర నాటకమున జొప్పించి పాడగా, ఆ పద్యములు రానివాడు మన పల్లెలలో లేకుండెను. వినుకొండలో పుట్టిన ఆ కవిని కులము పేర ఊరి వెలుపల నిలిపిన సంఘము, ఆయన పద్యమును మాత్రము రంగస్థలము నడుమ నిలిపి మరల మరల పాడించుకొన్నది. విన్నవారిలో ఎందరికి కవి పేరు తెలియును? అచ్చుపుస్తకమైనచో అట్టమీదనే పేరుండును. చెవిలో పడిన పద్యము కవిని ద్వారముకడనే విడిచి వచ్చుట కలదు.

పరిశోధకులును ఒక్క త్రోవను బోలేదు. అమెరికాలో 2010లో ప్రకటితమైన యొక పరీక్షలో, పాఠమును విన్న విద్యార్థులకంటె చదివినవారు మేలుగ ఉత్తరములు వ్రాసిరి. 2016 నాటి వేరొక పరీక్షలో, ఒక చరిత్రకథను చదివినవారికిని విన్నవారికిని చెప్పుకోదగిన భేదము కానరాలేదు. ఇందు వైరుధ్యమున్నదని మాకు తోచదు. కథ చెవికి లొంగును, పాఠము లొంగదు. సీసపద్యమును మౌనముగ చదువువాడు దానిలో సగమును పోగొట్టుకొనుచున్నాడు, దానికి గొంతుక కావలెను. పద్దును, చట్టమును, వాదమును మాత్రము విని గ్రహింతుననువాడు తన్ను తానే మోసగించుకొనుచున్నాడు. అచట ఆగవలెను, వెనుకకు మరలవలెను, అంచున ప్రశ్నార్థకము గీయవలెను. ఫోనులోను వెనుకకు త్రిప్పవచ్చునందురు గాని, త్రిప్పువారిని మేమెన్నడును జూడలేదు.

కాబట్టి చేయవలసిన పని గ్రంథాలయములపై నున్నది. 1914 ఏప్రిలున బెజవాడలో అయ్యంకి వెంకటరమణయ్యగారి యుద్యమమున తొలి ఆంధ్రదేశ గ్రంథాలయ మహాసభ జరిగినది. వేటపాలెమున 1918లో సారస్వత నికేతనము పుట్టినది. 1929లో దాని భవనమునకు గాంధీమహాత్ముడు శంకుస్థాపన చేసెను. 1935లో పాతూరి నాగభూషణముగారు పెదవడ్లపూడి, కొల్లూరుల నడుమ కాలువపై పడవలో గ్రంథములను నడిపి, రేవు రేవున రైతు చేతికందించిరి. పుస్తకము నొద్దకు రాలేనివాని యొద్దకు పుస్తకమే పోయినది. ఇప్పుడది కల్లమునకు, ప్రత్తిచేనికి పోవలెను. 1960 నాటి చట్టము ననుసరించి, ఇంటిపన్నులో రూపాయికి 8 పైసలు గ్రంథాలయపన్నుగ మనము చెల్లించుచునే యున్నాము. కల్లములోని యామె గుడిసెకు పన్ను కట్టుచున్నను, ఆ పైసలకు ప్రతిఫల మేదియు ఆమెకు ముట్టుట లేదు.

మొదట ఉన్నవ లక్ష్మీనారాయణగారి మాలపల్లిని జేపట్టవలెనని మా సూచన. గుంటూరు బారిస్టరైన ఆయన దానిని రాయవేలూరు జైలున వ్రాసెను, 1922లో అచ్చుపడినది, మద్రాసు ప్రభుత్వము నిషేధించినది. ఆయన 1958లో గతించినందున, చట్టప్రకారము 60 ఏండ్లు నిండి 2019 జనవరి మొదలు ఆ గ్రంథము ప్రజలసొత్తైనది. చదివి ముద్రించి పంచుటకు ఎవరి యనుమతియు నక్కరలేదు. ఇది యంత్రకంఠముతో చదివించు పని కాదు. యంత్రము సంధిని విరుగగొట్టును, పల్లెపలుకును పట్నపుపలుకుగ మార్చును. ఉద్యోగవిరతి పొందిన ఉపాధ్యాయులున్నారు, హరిశ్చంద్ర నాటకపు నటులున్నారు, బుర్రకథ మరువని వృద్ధులున్నారు. వారిని పిలువుడు. ఏ యక్షరమును విడువక చదివించుడు. ఏ ప్రకరణమైన విడిచినచో ఆ మాట కవి పేరుతోపాటు మొదటనే చెప్పించుడు. అదే గ్రంథమును పెద్ద యక్షరములతో అచ్చువేయించి రాత్రిబడులలో నుంచుడు. వినుచు పంక్తివెంట వ్రేలు నడుపు స్త్రీ, నాలుగు నెలలలో కాకున్న నాలుగేండ్లకైన, ఆ గొంతుక ఏ పంక్తిని మ్రింగెనో తానే పట్టుకొనును.

మిరప కోతలు ముగియుటకు ముందే మొదటి ప్రకరణమునకు గొంతుక నిచ్చువా రెవరో పఠనమందిరముల కార్యదర్శులు ఈ వారపు సభలలోనే తేల్చుకొందురుగాక.